ఫీజు కడుతున్నాం, డ్యూటీ చేస్తున్నాం, మళ్ళీ ఏటా ఈ మేళా ఎందుకు?

మీరు అడిగింది ఇది. సీతమ్మధార దగ్గర తల్లిదండ్రులే కలిసి నడుపుకునే బాలబడిలో మీ మూడున్నరేళ్ళ పాపను జూన్‌లో చేర్చారు. నెలనెలా ఫీజు కడుతున్నారు. పదిహేను రోజులకోసారి మీరో మీవారో వెళ్ళి పూట డ్యూటీ కూడా చేస్తున్నారు. ఇప్పుడేమో జనవరిలో నిధుల కోసం మేళా పెడుతున్నాం, ప్రతి కుటుంబం ఒక పని తీసుకోవాలి, తెలిసినవాళ్ళ దగ్గర విరాళాలు కూడా అడగాలి అని కాగితం వచ్చింది. "ఫీజూ తీసుకుని, పనీ చేయించుకుని, మళ్ళీ చందాలా?" అన్నారు.

మీ చిరాకులో తప్పేమీ లేదు. మా పెద్దాడిని ఎంవిపి కాలనీలో ఇలాంటి బడిలోనే చేర్చిన ఏడాది నేనూ సర్వసభ్య సమావేశంలో లేచి ఇదే మాట అడిగాను. అప్పటి కోశాధికారి బ్యాంకులో చేసి రిటైరైన ఒక తాతగారు, మనవరాలి తరఫున కమిటీలో ఉండేవారు. ఆయన వాదన పెట్టుకోలేదు. లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇంటికి తీసుకెళ్ళి చూడండమ్మా, మీ డ్యూటీ రోజు తెచ్చివ్వండి" అన్నారు. ఆ రాత్రి పిల్లాడు పడుకున్నాక వంటింట్లో కూర్చుని పుస్తకమంతా తిరగేశాను. తర్వాత అదే పుస్తకం ఆరేళ్ళు నేనే రాశాను. అందులో చూసిందే మీకు చెబుతాను.

ముందు లెక్క వేద్దాం. ఇవి మీ బడి అంకెలు కావు, అర్థం కావడానికి వేసుకున్నవి. 24 మంది పిల్లలు పట్టే బడి. నెలకు అద్దె 20,000. ఇద్దరు టీచర్లకు 18,000 చొప్పున 36,000. ఆయమ్మకు 10,000. కరెంటు, నీళ్ళు, గ్యాసు, ఫినాయిల్ 5,000. రంగులు, కాగితాలు, విరిగినవి బాగు చేయించడం 4,000. మొత్తం 75,000, అంటే ఏడాదికి 9 లక్షలు. ఫీజు నెలకు 3,000 అనుకుంటే 24 మందికి 12 నెలలకు 8,64,000 రావాలి. తేడా పెద్దగా లేదే అనిపిస్తుంది. కానీ అలా ఎప్పుడూ రాదు.

వేసవి సెలవుల్లో అద్దె ఆగదు, జీతాలూ ఆపకూడదు. అయినా మే నెల ఫీజు అడగని బడులు చాలా ఉన్నాయి. అక్కడికి ఒక నెల పోయింది. ఇక రెండోది మన ఊరికే ప్రత్యేకం. విశాఖలో నేవీ, రైల్వే, బ్యాంకుల్లాంటి బదిలీల ఉద్యోగాలు ఎక్కువ. ఆగస్టులో ఒక నేవీ కుటుంబం కొచ్చికో ముంబయికో వెళ్ళిపోతుంది. వాళ్ళ పాప సీటు మళ్ళీ నిండేసరికి మూడు నాలుగు నెలలు. ఏడాది మొత్తం మీద సగటున 21 మందే ఉన్నారనుకోండి. 21 మంది, 11 నెలలు, 3,000 చొప్పున: 6,93,000. లోటు 2,07,000.

ఆ లోటును ఫీజులో కలిపేస్తే పిల్లకు నెలకు దాదాపు 900 పెరుగుతుంది. 3,000 కాస్తా 3,900 అవుతుంది. "పోనీ అలాగే పెంచండి, ఈ మేళా గొడవ ఉండదుగా" అని ఇద్దరూ సంపాదించే ఇళ్ళవాళ్ళు అంటారు. నేనూ అన్నాను. కానీ ఆ 900 అందరికీ ఒకే బరువు కాదు. అది కట్టలేక ముగ్గురు మానేస్తే 18 మందే మిగులుతారు, అప్పుడు మిగిలినవాళ్ళ మీద మళ్ళీ పెంచాలి. ఇలా రెండేళ్ళు పెంచిన బడిలో మూడో ఏడు ఒకే రకం ఇళ్ళ పిల్లలు మిగలడం నేను చూశాను. అప్పుడది మామూలు ప్రైవేటు ప్లేస్కూలే, కాకపోతే తల్లిదండ్రులు ఊడ్చే ప్లేస్కూలు.

మీ డ్యూటీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది ఫీజు మీద అదనంగా పడిన భారం అనుకుంటున్నారు. నిజానికి అది మీ ఫీజులో ఇప్పటికే తగ్గిపోయింది. పెద్దవాళ్ళు రోజుకు ఒకరు వచ్చి పిల్లల చేతులు కడిగించి, తువ్వాళ్ళు ఆరేసి, గొడవపడే ఇద్దరి మధ్య కూర్చోబట్టే మూడో టీచరు అవసరం రావడం లేదు. ఆ జీతం కూడా పంచితే ఇంకో 900 పైనే పెరుగుతుంది. మీ పూట పనికి విలువ కట్టి ఏ రసీదూ ఇవ్వరు కాబట్టి కనపడదు.

ప్రభుత్వం ఏమీ ఇవ్వదా అని కూడా కొందరు అడుగుతారు. విద్యాహక్కు చట్టం, 2009 హక్కుగా ఇచ్చింది 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే. మూడేళ్ళు దాటిన వాళ్ళకు బడి ముందు చదువు గురించి 11వ సెక్షన్ ఉంది గానీ, అది ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంటుంది, చేసి తీరాలని అనదు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచే చదువు దశగా లెక్కపెట్టింది, అది మంచి మాటే. అయితే ఈ వయసుకు సర్కారు డబ్బు వెళ్ళేది ప్రధానంగా అంగన్వాడీలకు. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం ఇన్ని కోట్ల మంది పిల్లలకు తిండీ ఆటా ఇస్తోంది, ఆ డబ్బు అక్కడికి వెళ్ళడమే న్యాయం. మనలాంటి బడి మన కాళ్ళ మీద నిలబడాలి.

ఇక ఆ మేళా డబ్బులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం గురించి చెబుతాను.

నేను కోశాధికారిగా ఉన్న రెండో ఏడు. ఒక ఆటో నడిపే ఆయన కొడుకు మా బడిలో ఉండేవాడు. మా దగ్గర ప్రతి పిల్లకీ అరలో ఒక డబ్బా, దాని మీద పేరు బదులు బొమ్మ ఉండేది, చదవడం రాని వయసు కదా. వాడిది తాబేలు. ఆ వర్షాకాలంలో వాళ్ళ నాన్న ఆటోకి యాక్సిడెంట్ అయింది. ఫీజు మూడు నెలలు ఆగింది. నేను నిబంధన ప్రకారం నెలకో చీటీ పంపాను. మర్యాదగానే రాశాను. మూడో చీటీ తర్వాత పిల్లాడు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "ఊరెళ్ళాడండి, వస్తాడు" అన్నారు. రాలేదు. రెండు నెలల తర్వాత ఎంవిపి కాలనీ రైతు బజారులో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కనిపించాడు. ఆవిడ నన్ను చూసి మొహం తిప్పుకుంది. వాడు మాత్రం దగ్గరికొచ్చి, "ఆంటీ, నా తాబేలు డబ్బా ఎవరికైనా ఇచ్చేశారా?" అని అడిగాడు. లేదని చెప్పాను. అప్పటికే ఇచ్చేశాం.

ఆ వారమే కమిటీలో ఆ మాట చెప్పాను. దాచుకోవాల్సింది కాదు అది. మాకు దయ లేక కాదు, మాఫీ చేయడానికి పుస్తకంలో ఒక పద్దంటూ లేదు. మాఫీ చేస్తే ఆ నెల ఆయమ్మ జీతం తగ్గుతుంది. అందుకే ఆ ఏటి మేళా డబ్బులో మొదటి భాగం పక్కన పెట్టి దానికి "తోడు నిధి" అని పేరు పెట్టాం. ఎవరింట్లో కష్టం వచ్చినా కోశాధికారికి ఒక్కరికి చెబితే చాలు, రుజువులు అడగం. ఎవరికి ఇచ్చామో కమిటీకి కూడా పేర్లు చెప్పం, ఎన్ని కుటుంబాలు, ఎంత మొత్తం, అంతే. ఇందాకటి లెక్కలో ఇద్దరు పిల్లలకు సగం ఫీజు అనుకుంటే ఏడాదికి 33,000. ఒక ఆదివారం ఇరవై ఇళ్ళవాళ్ళు కలిసి కష్టపడితే సంపాదించగలిగే మొత్తమే అది.

ఈ నిధి పక్కింటివాళ్ళ కోసమే అని ఎవరూ అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్ళో ఎవరు కష్టంలో ఉన్నారో, ఎవరు లేరో ఎలా చెబుతారు? మా బడి వరండా మీద రేకులు లేచిపోయి పక్క వీధిలో పడ్డాయి. పుస్తకాల అర తడిసి అట్టలు ఉబ్బిపోయాయి. బాదం చెట్టు గోడ మీద పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళ కోసం బిందెలతో వరసలు. ఆ నెల ఫీజు అడగలేదు, ఎవరి ఇంటి తలుపులు వాళ్ళు వెతుక్కుంటున్నారు. టీచర్ల ఇళ్ళూ దెబ్బతిన్నాయి. అయినా వాళ్ళకు ఒకటో తారీకు పూర్తి జీతం ఇచ్చాం. అంతకు ముందు జనవరి మేళాలో మిగిలి బ్యాంకులో ఉన్న డబ్బు అది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక కూడా అదే ఆదుకుంది. మూడేళ్ళ పిల్లను ఫోన్ ముందు కూర్చోబెట్టి ఫీజు అడగడానికి మాకు మనసు రాలేదు. కట్టగలిగినవాళ్ళు సగం కట్టారు, మిగతాది నిధిలోంచి తీశాం. ఏడు నెలల్లో ఖాతా ఖాళీ అయింది. ఖాళీ అయినందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

మీలాగే చాలామంది అడిగే ఇంకో మాట: ఇంత శ్రమ ఎందుకు, ఊళ్ళో ఉన్న పెద్దమనిషి ఎవరైనా ఒకేసారి ఇచ్చేస్తే పోతుంది కదా? ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. మా దగ్గరకూ ఒకరు వచ్చారు. రెండు లక్షలు ఇస్తానన్నారు, గేటు మీద పేరు రాయాలన్నారు, ఏటా నాలుగు సీట్లు తాను చెప్పినవాళ్ళకు ఇవ్వాలన్నారు. సహకార పద్ధతికి ఉన్న ప్రాణమే ఒక సభ్యుడికి ఒక ఓటు అన్న నియమం. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ నేత పనివాళ్ళ దుకాణం దగ్గర్నుంచీ ఉన్న నియమం అది. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి ఎక్కువ మాట అన్నారంటే ఆ రోజుతో సహకారం అయిపోయినట్టే. తల్లిదండ్రులు నడిపే బడులు కూడా ఆ దారిలోనే వచ్చాయి. 1916లో షికాగో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల భార్యలు కొందరు కలిసి, వంతులవారీగా తామే పిల్లల్ని చూసుకునేలా ఒక నర్సరీ మొదలుపెట్టారు. మన విశాఖపట్నం కోఆపరేటివ్ బ్యాంకు పుట్టిందీ ఆ 1916లోనే. అది కాకతాళీయమే గానీ, తలా కొంచెం వేసుకుని అందరికీ పనికొచ్చేది నిలబెట్టుకోవడం మన ఊరికి కొత్త కాదని మా కోశాధికారి తాతగారు ప్రతి సమావేశంలో చెప్పేవారు.

కాబట్టి చిన్న చిన్న మొత్తాలు, చాలా చేతులు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు.

మేళా ఎలా చేస్తే డబ్బు మిగులుతుందో కూడా చెబుతాను, మీరు ఎలాగూ ఏదో ఒక పని తీసుకోవాలి కదా. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను భయం, మార్చి వస్తే ఉక్కపోత. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున ఏడున్నర నుంచి పన్నెండు దాకా అయితే హాయిగా జరుగుతుంది. షామియానా, కుర్చీలు, మైకు అంటూ టెంట్ హౌస్‌కి పాతికవేలు పోస్తే మిగిలేదేమీ ఉండదు. మేం రెండు వేపచెట్ల మధ్య పాత చీరలు కుట్టి నీడ కట్టేవాళ్ళం. మైకు అసలు పెట్టలేదు, చిన్నపిల్లలు బెదిరిపోతారు.

అన్నిటికంటే ఎక్కువ మిగిల్చేది తిండి కాదు, వాడిన వస్తువుల బల్ల. బదిలీల ఊరు కదా, వెళ్ళిపోయేవాళ్ళు మూడు చక్రాల సైకిళ్ళు, ఉయ్యాలలు, పొట్టైపోయిన గౌన్లు, బొమ్మల పుస్తకాలు ఊరికే ఇచ్చి వెళతారు. కొత్తగా వచ్చినవాళ్ళు అవే కొనుక్కుంటారు. పెట్టుబడి సున్నా. ఒకసారి నీలం రంగు సైకిలొకటి మూడేళ్ళలో మూడు ఇళ్ళు తిరిగి మళ్ళీ మా బల్ల మీదికే వచ్చింది, సీటు మాత్రం మారింది.

తిండిలో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) బల్ల ఎప్పుడూ నష్టపోదు. ఉల్లిపాయలు మాత్రం అక్కడికక్కడే తరగాలి, ముందే తరిగితే మెత్తబడి నీరు కారుతుంది. అమ్మమ్మలు, నానమ్మలు అనకాపల్లి బెల్లంతో చేసి తెచ్చే గవ్వలు, పాకుండలు పావుకిలో పొట్లాలుగా కడితే తొమ్మిదిన్నరకల్లా అయిపోతాయి. కిలో పొట్లాలు కడితే మధ్యాహ్నానికి అలాగే ఉంటాయి. ఏటికొప్పాక బొమ్మలు నేరుగా చేసేవాళ్ళ దగ్గరే తెచ్చి పెడితే చాలా బాగుంటుంది. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇంతకంటే మంచి బొమ్మ నాకు తెలియదు. వాటి మీద ఎక్కువ లాభం వేయకండి, చేసినవాళ్ళ కష్టానికి పూర్తి ధర ఇచ్చాక పదో ఇరవయ్యో చాలు. లక్కీ డ్రా టికెట్లు మాత్రం ఎవరు సలహా ఇచ్చినా పెట్టొద్దు. అనుమతి లేకుండా లాటరీ నడపడం చట్టప్రకారం నేరం.

విరాళాల విషయంలో రెండు మూడు సంగతులు. బడి సంఘంగా రిజిస్టరై ఉండి, ఆదాయపు పన్ను శాఖ నుంచి మనందరం 80జి అని పిలిచే అనుమతి ఉంటేనే ఇచ్చినవాళ్ళకు పన్ను మినహాయింపు వస్తుంది. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. 2,000 దాటితే నగదుగా ఇచ్చినదానికి రాదు, బ్యాంకు ద్వారానో ఫోన్‌పే లాంటి వాటి ద్వారానో ఇవ్వమనండి. మీరు కట్టే ఫీజులో ట్యూషన్ ఫీజు వేరు, విరాళం వేరు. రెండిటికీ వేర్వేరు రసీదులు అడిగి తీసుకోండి. మీ అన్నయ్య అమెరికాలో ఉన్నారు, ఆయన్ని అడగొచ్చా అన్నారు. ఆయన దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే ఫరవాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం ఆ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి లేని బడి అందులో ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఇది తెలియక ఇబ్బందుల్లో పడిన సంఘాలున్నాయి. మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.

ఇంతా చెప్పి, ప్రతి బడి చేసే ప్రతి వసూలూ మంచిదేనని నేను అనను. మా పెద్దాడు ఒకటో తరగతిలో చేరిన ప్రైవేటు స్కూల్లో పిల్లల చేతికి కార్డులిచ్చి చందాలు తెమ్మన్నారు. ఎక్కువ తెచ్చినవాళ్ళకు చప్పట్లు, తక్కువ తెచ్చినవాళ్ళు నిలబడాలి. ఆరేళ్ళ పిల్లాడు రాత్రి అన్నం తినకుండా, "రేపు వంద కావాలి" అని ఏడ్చాడు. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. కాబట్టి మీ బడిలో ఇంత ఇచ్చి తీరాలని అంకె పెడితే ఒప్పుకోకండి. ఎవరెంత ఇచ్చారో బోర్డు మీద రాస్తే వద్దనండి. పిల్లల ద్వారా ఏ కబురూ పంపకూడదు, ఇది పెద్దవాళ్ళ మధ్య సంగతి. ఇక లెక్క విషయంలో గట్టిగా ఉండండి. మేళా అయిన రెండు వారాల్లోపు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఏ ఖాతాలో ఉంది, దేనికి వాడతారు, ఇవన్నీ ఒక కాగితం మీద గోడకు అంటించాలి. మీరు సభ్యులు, అడిగే హక్కు మీకుంది. సంఘం కింద రిజిస్టరైన బడి మిగులును సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అది మళ్ళీ బడికే పోవాలి.

ఈ రెండు వారాల్లో మీరు చెయ్యగలిగింది చెబుతాను. ముందు కోశాధికారిని పోయిన ఏడాది లెక్కల పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఫీజుల కింద వచ్చిందెంత, అద్దె జీతాల కింద పోయిందెంత, ఈ రెండు పద్దులే చూడండి, మిగతావి తర్వాత. ఫీజు సాయానికి విడిగా పద్దు లేకపోతే వచ్చే సమావేశంలో ఆ మాట మీరే ఎత్తండి. కొత్త సభ్యులు అడిగితే కమిటీ త్వరగా కదులుతుంది, నా అనుభవం అది.

మీవారికి షిఫ్టు డ్యూటీ, మీకు ఆదివారం ఒక్కటే సెలవు అని రాశారు. అమ్మకాల బల్ల దగ్గర నాలుగు గంటలు నిలబడే పని తీసుకోకండి, పాప మీ కొంగు వదలదు. ముందు రోజు సాయంత్రం పొట్లాలు కట్టే పని తీసుకోండి. పిల్లలు అక్కడే ఆడుకుంటారు, మిగతా తల్లులతో పరిచయం కూడా అవుతుంది. అది కుదరకపోతే మీవారిని పొద్దున ఆరున్నరకు గంటసేపు పంపండి. బల్లలు మోసి వేసేవాళ్ళు ప్రతి ఏడూ తక్కువే పడతారు.